రెండో రౌండు తర్వాత

గరికిన దానయ్య బాక్సింగు మానేస్తున్నానని అప్పటికి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ విశాఖపట్నం పాత పట్టణమంతా నమ్మింది. మూడుసార్లూ సభ పెట్టి, దండ వేసి, శాలువా కప్పి పంపించారు. ఆర్నెల్లు తిరక్కుండానే మనిషి గ్లౌజులు తగిలించుకుని మళ్ళీ రింగులో ప్రత్యక్షమయ్యేవాడు.

“ఇంకో శాలువా వొచ్చిందంటే బట్టల కొట్టు ఎట్టీసుకోవొచ్చు,” అనేది అతని భార్య సత్తెమ్మ.

మొదట్లో జనం నవ్వుకున్నారు. తర్వాత అడగడం మొదలుపెట్టారు. దానయ్య ఓడరేవులో క్రేను నడుపుతాడు. అక్కడ తోటివాళ్ళు అడిగారు. టీ కొట్టు దగ్గర అడిగారు. పిల్లనిచ్చిన మామ భోజనానికి పిలిచి, కడుపునిండా చేపల పులుసు పోసి మరీ అడిగాడు. నలభై ఏళ్ళు నిండాయి, పతకాలున్నాయి, ఉద్యోగం ఉంది, ఎదిగిన పిల్లలున్నారు, ఇంకా ఈ గుద్దులాట దేనికి అని.

దానయ్య ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాడు. ఒంటికి మంచిదన్నాడు. కుర్రాళ్ళకు దారి చూపించాలన్నాడు. మామతో అయితే, తిన్నది అరగాలి కదా అన్నాడు. చెప్పిన ఏ ఒక్కటీ అతనికే నమ్మకంగా లేదు. ఆ సంగతి అతన్ని లోపల తొలిచేస్తూనే ఉంది.

అలా ఉండగా బీచిలో ఆటల పండగ పెడుతున్నారని తెలిసింది. అందులో పాత ఛాంపియన్‌కీ కొత్త ఛాంపియన్‌కీ మూడు రౌండ్ల పోటీ. కొత్త ఛాంపియన్ కాకినాడ కుర్రాడు. ఇరవై మూడేళ్ళవాడు, గుద్దితే గోడ కూడా ఓ అడుగు వెనక్కి వేస్తుందని పేరు. పాత ఛాంపియన్‌గా దిగుతావా అని దానయ్యను అడిగితే, వాళ్ళ మాట పూర్తికాకుండానే సరేనన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఒక ఆటో మైకు పెట్టుకుని అతని వీధిలోంచి పోయింది.

“మన విశాఖ పులి, గరికిన దానయ్య! వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు…”

దానయ్య అప్పుడు పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో నురగతోనే వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మైకులో తన పేరు విని ఏడాదయింది. ఒళ్ళు జల్లుమంది. ఆటో సందు మలుపు తిరిగిపోయింది, అయినా అతని పాదాలు ఎడమది ముందు, కుడిది వెనక, వాటంతట అవే గంతులేస్తున్నాయి.

కుళాయి దగ్గర పక్కింటావిడ బిందె దించి చూసింది. “ఏటి దానయ్యా, కాల్లో ముల్లు గానీ దిగిందేటి?”

“ముల్లు కాదప్పా. పేణం లేచొచ్చింది,” అన్నాడు దానయ్య.

అయితే ఒక మెలిక ఉంది. పోటీకి దిగే మనిషి ఆడటానికి తగినట్టున్నాడని అతనికి నేర్పిన గురువు కాగితం మీద సంతకం చెయ్యాలి. దానయ్య ముఖం కడుక్కుని, కాగితం జేబులో పెట్టుకుని, టీ కూడా తాగకుండా ఖలీల్ మాస్టారి షెడ్డుకు బయలుదేరాడు.

ఆ షెడ్డు పాత రేవు వెనక ఉంది. ఒకప్పుడు ఉప్పు గొడౌను. ఇప్పటికీ వానాకాలంలో గోడలు నాకితే ఉప్పగా ఉంటాయని కుర్రాళ్ళు పందేలు కాస్తారు. లోపల నాలుగు స్తంభాలకు తాళ్ళు కట్టిన రింగు. ఎదురెదురు మూలల్లో ఒక స్తంభానికి నీలం రంగు, ఇంకోదానికి ఎరుపు. నీలం స్తంభాన్ని ఆనుకుని ఉన్న గోడకు ఒక కంచు గంట వేలాడుతుంటుంది. మాస్టారు అక్కడే నిలబడి, చేతిలో గడియారం చూసుకుంటూ తనే గంట కొడతారు.

ఇరవై రెండేళ్ళ కిందట, పద్దెనిమిదేళ్ళ దానయ్య వలలు లాగే చేతులతో ఆ గుమ్మంలోకి వస్తే, మాస్టారు నీలం మూలలో స్టూలు వేసి కూర్చోమన్నారు. ఆ రోజు నుంచీ ఆ షెడ్డులో దానయ్య మూల అదే. గంట ఎప్పుడూ అతని కుడి చెవి పక్కనే మోగేది.

మాస్టారికి డెబ్భై దాటాయి. నౌకాదళంలో పనిచేసి వచ్చిన మనిషి. తెల్లవారుజామున నమాజు చేసుకుని షెడ్డు తలుపు తీస్తారు. మాటల దగ్గర మహా పిసినారి. శిష్యుడు బాగా ఆడితే “ఊఁ” అంటారు, ఆడకపోతే ఆ ఊఁ కూడా దక్కదు. ఇన్నేళ్ళలో ఎవరినీ ఇంక మానెయ్యమని అన్నది లేదు. రింగెక్కించడం వరకే నా పని అనేవారు.

దానయ్య వెళ్ళేసరికి ఆయన రింగు తాళ్ళు బిగిస్తున్నారు.

“మాస్టారూ, సంతకం సెయ్యాల.”

ఆయన కాగితం తీసుకుని చదివారు. మళ్ళీ మొదట్నుంచీ చదివారు.

“నువ్వు చెప్పు దానయ్యా. చెయ్యనా?”

“సెయ్యకపోతే ఎలగ మాస్టారూ? ఊరంతా మైకు తిరిగీసింది. పులంట నాను.” దానయ్య నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే సన్నగిల్లింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు. “ఒకటడగనా? అందరూ నన్నడుగుతున్నారు, నాను మిమ్మల్నడుగుతున్నాను. ఇందులో డబ్బుల్లేవు. దెబ్బలేగదా. తెల్లారితే దవడతో నవల్లేను. అయినా గంట మోగిందంటే నాకింకేటీ గురుతుండదు. నానెందుకు మానలేకపోతన్నాను మాస్టారూ?”

మాస్టారు అతని ముఖంలోకి చూశారు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు.

“ఎల్లాజీతో మూడు రౌండ్లు ఆడు. అయ్యాక చెప్తాను.”

దానయ్యకు అంతకంటే ఏం కావాలి? ఆకలిగొన్నవాడికి అన్నం పెడతాననడమే గదా.

ఎల్లాజీ అనకాపల్లి నుంచి వచ్చిన కుర్రాడు. ఇరవై రెండేళ్ళు. కిందటి చలికాలం రాష్ట్ర పోటీల్లో పతకం తెచ్చాడు. ఇప్పుడు షెడ్డు మొత్తానికి పదునైన చేతులు వాడివే. దానయ్య అంటే వాడికి దేవుడితో సమానం. ఎదురుపడితే పక్కకి తప్పుకుని నిలబడతాడు. మూడు రౌండ్లు అన్నియ్యతో అనగానే వాడి చెవులు ఎర్రబడ్డాయి.

“సూడు, నన్ను సూసి సెయ్యి దాసుకున్నావంటే ఊరుకోను,” అన్నాడు దానయ్య.

“అలాగే అన్నియ్యా.”

రేవులో కబురు దాచడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. వాళ్ళిద్దరూ చేతులకు గుడ్డ చుట్టుకుని, తలకు తొడుగులు పెట్టుకుని, మాస్టారి చేత గ్లౌజులు కట్టించుకునేలోపే షెడ్డులో ముప్పైమంది పోగయ్యారు. రాత్రి పని దిగినవాళ్ళు ఇంటికి పోకుండా టిఫిను డబ్బాలతోనే వచ్చేశారు. కొందరు గోనె బస్తాలెక్కి నిలబడ్డారు. ఒకడు కిటికీ ఊచల్లో తల పెట్టి, అది మళ్ళీ బయటికి వస్తుందో రాదో కూడా చూసుకోలేదు.

దానయ్య నీలం మూలలో నిలబడి వాళ్ళందరినీ చూశాడు. గుండె మద్దెలలా మోగుతోంది. క్రేను మీద కూర్చుంటే కింద ఎవరూ తలెత్తి చూడరు. సరుకు పెట్టె దిగిందా లేదా అనే చూస్తారు. ఇక్కడ మాత్రం ముప్పై జతల కళ్ళు తన పాదాలెక్కడ ఉన్నాయో కూడా చూస్తున్నాయి. ఎంత బాగుంది అనుకున్నాడు.

మాస్టారు గంట కొట్టారు.

మొదటి రౌండు గురించి ఆ రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎల్లాజీ ఎడమచెయ్యి పాము నాలుకలా వచ్చి వచ్చి పోతోంది. దానయ్య దాన్ని తల ఒక్క జానెడు పక్కకు వంచి వదిలేస్తున్నాడు. చూసేవాళ్ళకు వెంట్రుకవాసిలో తగులుతున్నట్టే ఉంటుంది, తగలదు. ఒకసారి తాళ్ళ దగ్గర ఇరుక్కున్నట్టు నటించాడు. కుర్రాడు నమ్మి దగ్గరకొచ్చాడు. అప్పుడు దానయ్య నడుం తిరిగింది. ఎడమచేతి హుక్కు పక్కనుంచి వంపు తిరిగొచ్చి చెవి మీదున్న తొడుగుకు తగిలి, షెడ్డంతా చప్పుడైంది.

బస్తాల మీదవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. టిఫిను డబ్బా ఒకటి దొర్లుకుంటూ రింగు కిందికి పోయింది. ఎల్లాజీ తల విదిలించుకుని, నోటి కవచం వెనకనుంచే నవ్వాడు. దెబ్బ తిన్నా వాడికీ సంతోషంగానే ఉంది.

గంట మోగింది. దానయ్య నీలం మూలకొచ్చి కూర్చుంటే మాస్టారు నీళ్ళు పట్టించి, మెడ తుడిచారు.

“ఊఁ,” అన్నారు.

దానయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఇంకేం, సంతకం పడిపోయినట్టే అనుకున్నాడు.

రెండో రౌండులో ఎల్లాజీ మొహమాటం వదిలేశాడు. వాడి పాదాల వేగం పెరిగింది. దానయ్యవి మొదటి నిమిషం వాటితో కలిసి నడిచాయి, తర్వాత అర అడుగు వెనకబడ్డాయి. కాళ్ళు వెనకబడితే చేతులు ఎక్కువ కష్టపడాలి. కష్టపడ్డాడు. రెండు తిన్నాడు, ఒకటి ఇచ్చాడు. కణత మీద ఒకటి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు, చిన్న మెరుపులాంటిది. ఆ మెరుపుకు మంట కూడా పుట్టలేదు, హాయిగానే అనిపించింది. చివరి అర నిమిషం ఇద్దరూ కాళ్ళు పాతేసినట్టు ఎదురెదురుగా నిలబడి కలబడ్డారు. జనం అరుపులు రేకుల కప్పుకు తగిలి తిరిగి మీద పడుతున్నాయి. దానయ్యకు నలభై లేవు, ముప్పై కూడా లేవు. అతను ఆ క్షణంలో ఎంత ఆనందంగా ఉన్నాడంటే, ఎవరైనా పేరడిగితే చెప్పడానికి ఒక ఘడియ ఆలోచించేవాడు.

గంట మోగింది.

దానయ్య ఛాతీ విరుచుకుని మూలకు నడిచాడు. ఎవరో తాళ్ళ కిందనుంచి స్టూలు లోపలికి తోశారు. చతికిలబడి, కాళ్ళు బార్లా చాపి, నోటి కవచాన్ని గ్లౌజులోకి ఉమ్మేసుకున్నాడు. ఊపిరి ఎగదన్నుతోంది. అయినా నవ్వు ఆగడం లేదు.

ఎదురుగా రెండడుగుల దూరంలో ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. చేతులు కిందికి వేలాడేసి, ఏదో అడగాలనుకుని అడగలేని మనిషిలా ఉన్నాడు.

“ఏట్రా, అలగ సూత్తావు? ఎల్లి నీ మూల్లో కూకో. ఇంకో రౌండుంది,” అన్నాడు దానయ్య ప్రేమగా.

“అన్నియ్యా…” అని ఎల్లాజీ తల తిప్పి మాస్టారి వంక చూశాడు.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆ నవ్వు తెగిపోయింది. దానయ్య చూస్తే మాస్టారు అరచెయ్యి పైకెత్తి ఉన్నారు. తనను ఊపిరి తీసుకోనివ్వమని వాళ్ళకు చెబుతున్నారనుకున్నాడు. మంచి మాస్టారు.

ఆయన నీళ్ళ సీసా, తుండు పట్టుకుని రింగులోంచి నడిచి వస్తున్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, నెమ్మదిగా వస్తున్నారు.

“ఏటి మాస్టారూ, ఇంత ఆలీసం?”

మాస్టారు దగ్గరికొచ్చారు. అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని సీసా నోటికి అందించారు. దానయ్య తాగాడు, సగం గడ్డం మీద పోసుకున్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు.

“ఆ హుక్కు సూసేరా మాస్టారూ? తాళ్ళకాడ? అది నాకెవుడూ నేర్పలేదు. మీరు నేర్పినారనుకోండి, కానీ ఆ నడుం తిప్పడం మాత్రం నాదే. కాకినాడోడు సెవి కాసుకోవాల. నానింకా మూడేళ్ళు ఆడతాను. ఈ రౌండెందుకు, సంతకం ఎట్టీండి ముందు.”

మాస్టారు అతని గడ్డం తుడిచారు. మెడ తుడిచారు. కణత దగ్గర తుండును కాసేపు అలాగే ఆన్చి ఉంచారు.

నిమిషంలో ఇంకెంత మిగిలిందో అని దానయ్య అలవాటు కొద్దీ కుడి పక్కకు తిరిగి గంట వైపు చూశాడు.

అక్కడ గంట లేదు.

ఖాళీ గోడ ఉంది. గోడ మీద చెమ్మ మరక ఉంది. దానయ్య మళ్ళీ చూశాడు. గంటను ఎవరైనా తీసేశారా అనుకున్నాడు. తల ముందుకు తిప్పితే అది కనిపించింది. రింగుకు ఆ చివర, దూరంగా, ఒంటరిగా వేలాడుతోంది. దాని పక్కన నీలం స్తంభం. స్తంభం ముందు ఒక స్టూలు, దాని మీద ఎవరూ లేరు.

అప్పుడతను వీపు ఆన్చిన స్తంభం వైపు మెడ తిప్పాడు. ఎర్రగా ఉంది.

రెండడుగుల అవతల ఎల్లాజీ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోవడానికి వాడికి చోటు లేదు. దానయ్య తనను చూస్తున్నాడని తెలిసి తల దించుకున్నాడు.

బయట రేవులో ఎక్కడో గొలుసు దిగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

“మాస్టారూ,” అన్నాడు దానయ్య.

“ఆఁ.”

“ఇది నా మూల కాదు.”

“కాదు.”

“మరి మీరు నీళ్ళు ఇక్కడికే తెచ్చీసేరేటి?”

“నువ్వెక్కడ కూర్చుంటే అక్కడికే కదా తేవాలి.”

దానయ్య ఎర్ర స్తంభాన్ని మళ్ళీ చూశాడు. అడగాలనిపించలేదు. అయినా అడిగాడు.

“ఇదే మొదటిసారా?”

మాస్టారు తుండు మడత పెట్టారు.

“నాలుగోది.”

“నాకు తెల్దే.”

“తెలీదు. విజయనగరం పోటీలో ఒకసారి. తర్వాత ఇక్కడ రెండుసార్లు. దెబ్బల మత్తులో అవతలి మూలకు పోబోయావు. గంట మోగగానే వచ్చి నీ మోచెయ్యి పట్టుకున్నాను. నాతో వచ్చేశావు.”

విజయనగరం దానయ్యకు బాగా గుర్తుంది. ఆ రోజు గెలిచాడు. భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. మాస్టారు సంతోషం పట్టలేక రింగు మధ్యలోకి వచ్చి తన చెయ్యి పట్టుకున్నారని ఇంటికొచ్చి సత్తెమ్మకు చెప్పాడు. ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాడు.

“సెప్పలేదేం మాస్టారూ?”

ఆయన సీసా మూత బిగించారు.

“నువ్వు గెలిచావు. నాక్కూడా బాగుండింది,” అన్నారు.

అలా అంటూ ఆయన తల వంచుకున్నారు. ఇరవై రెండేళ్ళలో ఆ తల తన ముందు వంగడం దానయ్య ఎప్పుడూ చూడలేదు. దెబ్బలకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆపుకున్నాడు.

రేపు పొద్దున ఆరింటికి క్రేను ఎక్కాలి. ఎడమకు తిప్పాల్సింది ఎడమకు, కుడికి తిప్పాల్సింది కుడికి. కింద మనుషులుంటారు. వాళ్ళు తలెత్తి చూడరు. దానయ్యకు భయం వేసింది. ఎంతటి మొనగాడు ఎదురొచ్చినా రింగులో ఎప్పుడూ వెయ్యనంత భయం.

నిమిషం అయిపోయి ఉంటుంది. గంట కొట్టవలసిన మనిషి అతని ముందు మోకాళ్ళ మీద ఉన్నారు. గంట మోగకపోయినా దానయ్య కాళ్ళకు ఆ లెక్క తెలుసు. అవి అతన్ని అడక్కుండానే లేచి నిలబెట్టాయి. ఎల్లాజీ చేతులు కూడా అలవాటుగా గడ్డం దగ్గరికి లేచి, మళ్ళీ కిందికి జారిపోయాయి.

దానయ్య స్టూలు పక్కకు జరిగి నిలబడ్డాడు.

“కూకోరా ఎల్లాజీ. నీదే,” అన్నాడు.

తర్వాత మాస్టారి వైపు తిరిగి రెండు చేతులూ ముందుకు చాపాడు. గ్లౌజుల తాళ్ళు పైకి కనబడేలా మణికట్లు తిప్పి పట్టుకున్నాడు. తన గ్లౌజులు తనే విప్పుకోవడం ఏ బాక్సరు వల్లా కాదు.

మాస్టారు రింగు తాడు పట్టుకుని మోకాళ్ళ మీదనుంచి లేచారు. కళ్ళు సరిగా ఆనక ముఖం బాగా దగ్గరికి పెట్టి, గోళ్ళతో ముడి కోసం వెతుకుతున్నారు. ఎవరో సాయానికి రాబోతే వద్దన్నట్టు తల ఊపారు.

“నేను వేసిన ముడే,” అన్నారు. “కాస్త ఆలస్యమవుతుంది.”